ఐడీపీ చేతిలో ఉంటే సరిపోతుందా? విదేశాల్లో బండి నడపడానికి నిజంగా కావాల్సిన కాగితాలు

ఈ ఎపిసోడ్‌లో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అదే ఐడీపీ గురించి మాట్లాడుకుందాం. బయటి దేశంలో స్టీరింగ్ పట్టుకోవాలంటే మన దగ్గర ఏ కాగితాలు ఉండాలో కూడా చూద్దాం. నాకు వచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకే రకంగా ఉంటాయి. "అన్నా, నా దగ్గర ఐడీపీ ఉంది, సంవత్సరం దాకా ఢోకా లేదు కదా?" అని. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేను. ఎందుకంటే ఐడీపీ మీద రాసి ఉన్న సంవత్సరం వేరు, మీరు వెళ్లిన దేశం మీకు ఇచ్చే గడువు వేరు. ఈ రెండూ ఒకటే అనుకునే మనవాళ్లు చాలామంది ఇరుక్కుంటున్నారు.

ముందు ఐడీపీ అంటే ఏంటో చూద్దాం. అది బూడిద రంగు అట్ట ఉన్న చిన్న పుస్తకం. చాలామంది దాన్ని "ఇంటర్నేషనల్ లైసెన్స్" అంటారు కానీ అది లైసెన్స్ కాదు. మీ ఇండియన్ లైసెన్స్‌లో ఉన్న వివరాలని వేరే దేశం పోలీసు చదువుకోగలిగేలా రాసిన అనువాదం, అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఐడీపీ ఒక రేపర్ లాంటిది. లోపల అసలు పని చేసేది మీ ఒరిజినల్ లైసెన్సే. ఒరిజినల్ ఇంట్లో వదిలేసి ఐడీపీ ఒక్కటి జేబులో పెట్టుకుని వెళ్తే చేతిలో ఏమీ లేనట్టే లెక్క. ఒరిజినల్ గడువు అయిపోతే ఐడీపీ గడువు కూడా అయిపోయినట్టే.

ఇందులో వెర్షన్ల గొడవ కూడా ఒకటుంది. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఐడీపీలు అంతర్జాతీయ ఒప్పందాల కింద ఇస్తారు. 1949 నాటి జెనీవా ఒప్పందం ఒకటి, 1968 నాటి వియన్నా ఒప్పందం ఒకటి. జెనీవా పర్మిట్ ఎక్కువలో ఎక్కువ ఒక సంవత్సరం చెల్లుతుంది. వియన్నా పర్మిట్ మూడేళ్ల దాకా చెల్లుతుంది. ఇండియా సంతకం పెట్టింది జెనీవా ఒప్పందం మీద. కాబట్టి మనకి ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చేది 1949 వెర్షన్. కొన్ని దేశాలు రెండు వెర్షన్లనీ తీసుకుంటాయి, కొన్ని ఒక్కదాన్నే తీసుకుంటాయి. జపాన్ 1949 వెర్షనే కావాలంటుంది, కాబట్టి అక్కడ మన ఐడీపీకి ఇబ్బంది లేదు. వియత్నాం 1968 వెర్షన్ మాత్రమే గుర్తిస్తుంది. అంటే ఆర్టీఏలో వెయ్యి రూపాయలు కట్టి బుద్ధిగా తీసుకున్న మన ఐడీపీ వియత్నాంలో చెల్లదు!

హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి ఇప్పుడు ఎంతమంది వియత్నాం వెళ్తున్నారో మీకు తెలుసు. వీసా తేలిక, ఖర్చు తక్కువ. హా జియాంగ్ లూప్ అని ఉత్తరాన కొండల్లో ఒక రూట్ ఉంది, బైక్ మీద తిరుగుతూ తీసిన రీల్స్ అందరూ చూసే ఉంటారు. రీల్‌లో కొండలు కనిపిస్తాయి, పోలీసు చెక్‌పోస్ట్ కనిపించదు. అక్కడ బైక్ అద్దెకిచ్చే వాళ్లు లైసెన్స్ సరిగ్గా ఉందా లేదా అని పెద్దగా పట్టించుకోరు, వాళ్లకి కావాల్సింది అద్దె. షాపువాడు ఇచ్చాడు కాబట్టి చట్టప్రకారం ఓకే అనుకోకండి. 2025 జనవరి నుంచి అక్కడ ట్రాఫిక్ జరిమానాలు బాగా పెంచారు. సరే, జరిమానా అయితే కట్టేసి బయటపడొచ్చు. ఆ మలుపుల్లో జారి కాలు విరిగితే? మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. ఆ దేశంలో చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడుపుతుండగా జరిగిన ప్రమాదానికి డబ్బు ఇవ్వం అని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. హాస్పిటల్ బిల్లు మొత్తం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. అదే లూప్‌లో స్థానిక డ్రైవర్ నడిపే బండి వెనక కూర్చుని తిరిగే ఏర్పాటు ఉంది. నన్నడిగితే అలాగే వెళ్లమంటాను. పైగా కొండలు చూడటానికి వెళ్లినప్పుడు వెనక సీటే మంచిది, నడిపేవాడికి రోడ్డు తప్ప ఏం కనిపిస్తుంది చెప్పండి.

థాయ్‌లాండ్ సంగతి వేరు. అక్కడ మన ఐడీపీ చెల్లుతుంది, కానీ లోపలి పేజీలో ఏ కేటగిరీకి స్టాంప్ ఉందనేది చూస్తారు. ఐడీపీలో ఏ అంటే మోటార్ సైకిళ్లు, బీ అంటే కార్లు. మన లైసెన్స్‌లో ఎల్ఎంవీ ఒక్కటే ఉందనుకోండి, బీ స్టాంప్ మాత్రమే పడుతుంది. దాంతో ఫుకెట్‌లో స్కూటర్ నడిపితే లైసెన్స్ లేనట్టే. ఇంటి దగ్గర పదేళ్లుగా నాన్నగారి బండి తిప్పుతూ, లైసెన్స్ మాత్రం కారుకే తీసుకున్న కుర్రాళ్లు మనలో ఎంతమంది లేరు! వాళ్లు టికెట్లు బుక్ చేసుకునే ముందు ఆర్టీఏకి వెళ్లి టూవీలర్ కేటగిరీ కలుపుకోవాలి. దానికి లెర్నింగ్ లైసెన్స్, టెస్ట్ ఉంటాయి, వారంలో అయ్యే పని కాదు. ఇంకో మాట, బండి అద్దెకి తీసుకునేటప్పుడు పాస్‌పోర్ట్ పెట్టి వెళ్లమని అడుగుతారు. నన్నూ అడిగారు. నేను నగదు డిపాజిట్ ఇచ్చి, పాస్‌పోర్ట్ జిరాక్స్ మాత్రం ఇచ్చాను. ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్లండి, అక్కడ వీధికి పది ఉంటాయి.

ఇక ఇక్కడ ఐడీపీ తీసుకోవడం. కష్టమేమీ లేదు. ఫారం 4ఏ, లైసెన్స్, పాస్‌పోర్ట్ కాపీ, ఫొటోలు, 1000 రూపాయల ఫీజు. ఆన్‌లైన్‌లో అప్లై చేసి స్లాట్ తీసుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లడమే. 2021 జనవరిలో కేంద్రం నిబంధన మార్చి, దరఖాస్తు సమయంలో మెడికల్ సర్టిఫికెట్, చెల్లే వీసా ఉండాలనే షరతులు తీసేసింది. వీసా ఆన్ అరైవల్ దేశాలకి వెళ్లేవాళ్లు ముందే వీసా ఎక్కడి నుంచి తెస్తారు, అందుకని. అయినా కౌంటర్‌లో కూర్చున్న మనిషి అడిగితే వాదన పెట్టుకునే బదులు వీసా కాపీ, టికెట్ కాపీ ఉంటే ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి, పని అయిపోతుంది. 2022 ఆగస్టులో ఐడీపీ దేశమంతా ఒకే రూపంలో ఉండాలని ఇంకో మార్పు చేశారు, లైసెన్స్‌తో లింక్ అయ్యే క్యూఆర్ కోడ్ కూడా పెట్టమన్నారు.

ఆన్‌లైన్‌లో "ఇంటర్నేషనల్ డ్రైవర్స్ లైసెన్స్, పదేళ్ల వాలిడిటీ, రెండు రోజుల్లో డెలివరీ" అని యాడ్స్ వస్తుంటాయి. చూడ్డానికి మెరిసిపోతుంది, ప్లాస్టిక్ కార్డు కూడా ఇస్తారు. ఇందాక చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి. జెనీవా అయితే ఒక సంవత్సరం, వియన్నా అయితే మూడేళ్లు. పదేళ్ల ఐడీపీ అనేది ఏ ఒప్పందంలోనూ లేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా ఈ నకిలీల గురించి హెచ్చరించింది. లైసెన్స్ ఇచ్చిన దేశంలో ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అనుమతించిన సంస్థ గానీ ఇస్తేనే అది ఐడీపీ.

బయల్దేరే ముందు చూసుకోవాల్సిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది పేరు. ఇది అచ్చంగా మన తెలుగువాళ్ల సమస్య. లైసెన్స్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం విడిగా ఒక గడిలో ఉంటుంది. మధ్యలో వెంకట, సాయి, నాగ అనేవి ఒకదాంట్లో కలిపి రాస్తారు, ఇంకోదాంట్లో విడగొడతారు. ఇక్కడ మనకి అది ఒకే మనిషి పేరు అని చూడగానే తెలుస్తుంది. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్ట్‌లో కారు అద్దెకిచ్చే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది? ఆమె ముందు పాస్‌పోర్ట్, లైసెన్స్, ఐడీపీ, క్రెడిట్ కార్డు నాలుగూ పెడతారు. నాలుగింట్లో నాలుగు రకాల పేర్లు. కారు ఇవ్వను అంటే ఆమె తప్పేం లేదు. కాబట్టి ఐడీపీకి అప్లై చేసేముందే లైసెన్స్‌లో పేరు పాస్‌పోర్ట్‌తో సరిపోయేలా మార్పించుకోండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన వాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని వస్తుంది, పేరు తెలియదు అని దానర్థం. తర్వాత అదే అక్కడి డ్రైవింగ్ లైసెన్స్ మీద కూడా ఎక్కి కూర్చుంటుంది.

రెండోది, కార్డు. డిజిలాకర్‌లో లైసెన్స్ చూపిస్తే మన ట్రాఫిక్ పోలీసులు ఒప్పుకుంటారు, ఎందుకంటే మన చట్టం ఒప్పుకుంది. అది మన దేశం వరకే. బయట ప్లాస్టిక్ కార్డు చేతిలో ఉండాల్సిందే. మూడోది, గడువు. లైసెన్స్ గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి అప్లై చేసుకోవచ్చు. తీరిపోయి ఏడాది దాటితే మళ్లీ టెస్ట్‌కి వెళ్లాలి. మూడేళ్లు అక్కడే ఉండిపోయే ప్లాన్ ఉంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది చూసి వచ్చేవాళ్ల సంగతి, అంటే టూరిస్టులు, పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు. అసలు చిక్కు ఉండటానికి వెళ్లేవాళ్లకి. జెనీవా ఒప్పందంలోనే ఒక మాట ఉంది, ఏడాదికి మించి ఏకధాటిగా తమ దేశంలో ఉన్న డ్రైవర్‌కి ఈ సౌకర్యం ఇవ్వాల్సిన పని ఏ దేశానికీ లేదని. అది గరిష్ఠం. దానికంటే ముందే, మీరు అక్కడ నివాసి అయిన రోజు నుంచి చాలా దేశాలు గడియారం మొదలుపెడతాయి. కొన్ని దేశాలు గడియారం కూడా పెట్టవు, ఆ రోజే ఆపేస్తాయి.

దుబాయ్ అలాంటిదే. విజిట్ వీసా మీద వెళ్లి మన లైసెన్స్, ఐడీపీ చూపించి కారు అద్దెకి తీసుకోవచ్చు. అక్కడే ఉద్యోగం వచ్చి రెసిడెన్స్ వీసా పడిందా, అదే మనిషి, అదే ఐడీపీ, ఇంకా ఎనిమిది నెలల గడువు ఉన్నా సరే, ఇక నడపకూడదు. అక్కడి లైసెన్స్ తీసుకోవాలి. మన లైసెన్స్‌ని నేరుగా మార్చి ఇవ్వరు. 2023 ఏప్రిల్‌లో దుబాయ్ ఆర్టీఏ "గోల్డెన్ ఛాన్స్" అని ఒకటి తెచ్చింది. సొంత దేశం లైసెన్స్ ఉన్నవాళ్లు క్లాసులు లేకుండా ఒక్కసారి నేరుగా థియరీ, రోడ్ టెస్ట్ రాసుకోవచ్చు. పాస్ అయితే బోలెడు డబ్బు మిగులుతుంది, ఫెయిల్ అయితే మామూలుగా డ్రైవింగ్ స్కూల్‌లో చేరడమే. కువైట్ ఇంకా గట్టిది. అక్కడ విదేశీయుల లైసెన్స్‌ని చాలా ఏళ్లపాటు నెలకి 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం లాంటి షరతులకి ముడిపెట్టారు. ఇంటి డ్రైవర్లకి వాటి నుంచి మినహాయింపు ఉంది కానీ ఆ మినహాయింపు వృత్తికి ఇచ్చింది, మనిషికి కాదు. కడప వైపు నుంచి, కోనసీమ నుంచి డ్రైవర్ పని మీద వెళ్లే అన్నలు ఏజెంట్‌ని అడగాల్సింది "ఐడీపీ చేయిస్తావా" అని కాదు. "వీసాలో నా వృత్తి ఏమని రాశారు, అక్కడి లైసెన్స్ ఖర్చు ఎవరిది" అని అడగాలి. అక్కడ పనిచేయడానికి ఐడీపీతో పని లేదు.

యూకేలో గడువు పన్నెండు నెలలు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో మన ఇండియన్ లైసెన్స్ మీద, నివాసి అయిన రోజు నుంచి పన్నెండు నెలల వరకు కారు నడపొచ్చు. ఆ తర్వాత ప్రొవిజనల్ లైసెన్స్ తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ కావాలి. నేరుగా మార్చుకునే దేశాల జాబితాలో ఇండియా లేదు. ఎంఎస్ కోసం వెళ్లిన పిల్లలు మొదటి ఏడాది చదువు, పార్ట్‌టైమ్ హడావుడిలో ఉంటారు. పదకొండో నెలలో గుర్తొచ్చి ప్రాక్టికల్ టెస్ట్ స్లాట్ చూస్తే నెలల తర్వాత కనిపిస్తుంది. అందుకే దిగిన మూడు నాలుగు నెలల్లోనే థియరీ కానిచ్చేయండి. పన్నెండు నెలలు దాటాక నడిపి దొరికితే ఇన్సూరెన్స్ కూడా చెల్లలేదంటారు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపినందుకు అక్కడికక్కడ వేసే జరిమానా 300 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పాయింట్లు, బండి కూడా తీసుకెళ్లొచ్చు. కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకి మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే ఆ లైసెన్సే రద్దవుతుంది.

జర్మనీలో ఆరు నెలలు. అక్కడ ఇల్లు తీసుకుని నివాసం పెట్టిన రోజు నుంచి లెక్క. ఏడాదికి మించి ఉండనని రుజువు చూపిస్తే ఇంకో ఆరు నెలలు పొడిగించొచ్చు. లేదంటే థియరీ, ప్రాక్టికల్ రెండూ రాసి జర్మన్ లైసెన్స్ తీసుకోవాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. లైసెన్స్ లేకుండా నడపడం అక్కడ జరిమానాతో పోయే చిన్న విషయం కాదు, క్రిమినల్ నేరం.

"అయితే ఆరు నెలలకోసారి ఇండియా వచ్చి కొత్త ఐడీపీ చేయించుకుంటాను" అని ఒకరు రాశారు. తెలివైన ఆలోచనే, కానీ ఆ దేశాలవాళ్లు ఇది మనకంటే ముందే ఆలోచించారు. జపాన్ రూల్ చూడండి. అక్కడ నివాసిగా నమోదైన మనిషి బయటికి వెళ్లి మూడు నెలల లోపు తిరిగొస్తే, ఆ రాకని కొత్త రాకగా లెక్కపెట్టరు. కొత్త ఐడీపీ ఎంత కొత్తదైనా చెల్లదు. గడియారం కాగితానికి కట్టలేదు, మనిషికి కట్టారు.

ఇప్పుడు అమెరికా. ఇది ఒక దేశం కాదు, డ్రైవింగ్ విషయంలో యాభై దేశాలు. ఒక రాష్ట్రంలో ఉన్న అన్నయ్య చెప్పిన రూల్ ఇంకో రాష్ట్రంలో ఉన్న తమ్ముడికి పనికిరాదు. ముందు ఐడీపీ సంగతి చెప్పేస్తాను. మన లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి చాలా రాష్ట్రాల్లో టూరిస్టుకి ఐడీపీ తప్పనిసరి కాదు. 2013 జనవరిలో ఫ్లోరిడా విదేశీ టూరిస్టులందరికీ ఐడీపీ ఉండాల్సిందే అని చట్టం తెచ్చింది. జెనీవా ఒప్పందానికి విరుద్ధం అవుతుందని తెలిసి, ఫిబ్రవరిలోనే అమలు ఆపేశారు. అయినా ఐడీపీ తీసుకెళ్లమనే నేను చెప్తాను. అద్దె కార్ల కౌంటర్‌లో అడిగేవాళ్లు ఉంటారు, ఊళ్లో పోలీసుకి మన కార్డు చూపించి వివరించే బాధ తగ్గుతుంది. వెయ్యి రూపాయలకి అది దండగ ఖర్చు కాదు.

ఉండటానికి వెళ్లినవాళ్లకి మాత్రం రాష్ట్రం లైసెన్స్ తప్పదు. కాలిఫోర్నియాలో నివాసి అయ్యాక 10 రోజుల్లో తీసుకోవాలి. ఐడీపీని అక్కడి డీఎంవీ లైసెన్స్‌గా గుర్తించదు. మిగతా రాష్ట్రాల్లో ఈ గడువులు రకరకాలుగా ఉంటాయి, మీ రాష్ట్రం డీఎంవీ సైట్ ఒక్కటే నమ్మండి, వాట్సాప్ గ్రూప్ కాదు.

కొత్తగా దిగిన స్టూడెంట్స్ ఒకటి గుర్తుపెట్టుకోండి. విమానం దిగిన మర్నాడే డీఎంవీకి పరిగెత్తకండి. డీఎంవీ వాళ్లు మీ స్టేటస్‌ని సేవ్ అనే ఫెడరల్ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. మీ రాక వివరాలు అందులోకి రావడానికి టైమ్ పడుతుంది. కనీసం పది రోజులు ఆగి, సెవిస్‌లో మీ రికార్డు యాక్టివ్ అయ్యిందని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కుని, అప్పుడు వెళ్లండి. పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-20, అడ్రస్ ప్రూఫ్ పట్టుకెళ్లండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లు సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి "ఈమెకి నంబర్ ఇవ్వడానికి అర్హత లేదు" అనే లెటర్ తెచ్చుకోవాల్సి వస్తుంది. హెచ్-4 మీద వెళ్లిన మన ఆడపడుచులకి ఈ లెటర్ చాలా అవసరం. లైసెన్స్ లేక ఇంట్లో కూర్చుని, కూరగాయలకి కూడా భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎదురుచూసే వాళ్లు ఎంతమంది ఉన్నారో! ఒక్క కాగితంతో కదిలే పని అది.

ఇక అసలు ముడి. హెచ్-1బీ వాళ్లకి లైసెన్స్ గడువు వాళ్ల ఐ-94 తేదీతో ముడిపడి ఉంటుంది. వీసా పొడిగింపు అప్లికేషన్ పెండింగ్‌లో ఉంటే 240 రోజుల వరకు ఉద్యోగం చేసుకోవచ్చని ఫెడరల్ రూల్ చెప్తుంది. కానీ జేబులో ఉన్న లైసెన్స్ కార్డు మీద తేదీ అయిపోయింది. అంటే ఆఫీసులో పని చేయొచ్చు, ఆఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్లకూడదు! కొన్ని రాష్ట్రాలు అప్లికేషన్ రసీదు చూసి కొద్ది కాలానికి పొడిగిస్తాయి, కొన్ని చోట్ల కౌంటర్ కౌంటర్‌కీ జవాబు మారుతుంది. నా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు డాలస్ దగ్గర ఉంటాడు. గత ఏడాది ఇదే పరిస్థితి వచ్చింది. వాడిదీ, వాడి భార్యదీ లైసెన్స్ గడువు ఒకే రోజు అయిపోయింది, డిపెండెంట్ తేదీలు కూడా అవే కదా. పాపని డేకేర్‌లో దింపాలి, ఆఫీసు పాతిక మైళ్లు. తెలిసినవాళ్లందరూ "ఇండియా లైసెన్స్ ఉంది కదరా, చూపించెయ్" అన్నారట. వాడు వినలేదు. ఆరు వారాలు పక్క అపార్ట్‌మెంట్ అతనితో కార్‌పూల్, మిగతా రోజులు క్యాబ్. ఎంత ఖర్చయిందో చెప్పి ఫోన్‌లో నన్ను తిట్టినంత పని చేశాడు, నేనేదో రూల్ పెట్టినట్టు.

కానీ వాడు చేసిందే సరైన పని. ఏళ్లుగా ఒక రాష్ట్రంలో ఉంటూ, అక్కడి లైసెన్స్ వాడుతూ, అది అయిపోగానే "నేను టూరిస్టుని" అన్నట్టు ఇండియన్ కార్డు తీస్తే పోలీసు ఎందుకు నమ్ముతాడు? జార్జియా లాంటి రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా నడపడం మిస్‌డిమీనర్, అంటే నేరం. అరెస్ట్ చేసి వేలిముద్రలు తీసుకోవచ్చు. ఆ వేలిముద్రలు తర్వాత వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు కాన్సులేట్ స్క్రీన్ మీద కనిపిస్తాయి. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసినప్పుడు, అందులో ట్రాఫిక్ కేసులు తప్ప ఇంకేమీ లేని పిల్లలు కూడా ఉన్నారు. తర్వాత చాలావరకు పునరుద్ధరించారు. కానీ ఆ నెల రోజులు ఇక్కడ ఇళ్లలో అమ్మానాన్నలు ఎలా గడిపారో నేను మెసేజ్‌ల్లో చూశాను. నలభై లక్షల లోన్ తీసుకుని పంపిన చదువు ఒక ట్రాఫిక్ స్టాప్ దగ్గర ఆగిపోతే ఎలా ఉంటుంది?

ఫ్రెండ్ కారు తీసుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ ఇన్సూరెన్స్ మామూలుగా కారుని బట్టి ఉంటుంది, యజమాని ఒప్పుకుని ఇస్తే అప్పుడప్పుడు నడిపే మనిషికీ వర్తిస్తుంది. చెల్లే లైసెన్స్ ఉంటేనే. అదే ఇంట్లో ఉండే రూమ్‌మేట్ రోజూ నడుపుతుంటే పాలసీలో అతని పేరు చేర్చాలి. అద్దె కారు అయితే కాంట్రాక్ట్‌లో పేరున్న డ్రైవర్ మాత్రమే నడపాలి. లాంగ్ డ్రైవ్‌లో "నువ్వు పడుకో, నేను నడుపుతా" అని సీట్లు మార్చుకున్నప్పుడే డ్యామేజ్ కవర్ ఎగిరిపోతుంది. రెండో డ్రైవర్‌ని చేర్చడానికి రోజుకి కొంత ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి. పాతికేళ్ల లోపు వాళ్లకి అదనపు ఛార్జీ కూడా ఉంటుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడు కలుపుకోండి.

కెనడా వెళ్లేవాళ్లకి వేరే కాగితం చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఇక్కడే తీసుకోవాలి. ఒంటారియోలో కొత్తగా స్థిరపడినవాళ్లకి మన లైసెన్స్ 60 రోజులే పనికొస్తుంది. తర్వాత అక్కడి దశలవారీ పద్ధతిలోకి వెళ్లాలి. అయితే ఇండియాలో రెండేళ్ల పైన నడిపిన అనుభవం ఉందని మన లైసెన్సింగ్ అధికారి ఇచ్చిన రుజువు చూపిస్తే ఆ నెలల తరబడి ఆగడం తప్పించుకుని నేరుగా చివరి రోడ్ టెస్ట్‌కి వెళ్లొచ్చు. దాన్నే ఇక్కడ లైసెన్స్ ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. వెళ్లే ముందు ఆర్టీఏలో అడిగి తీసుకోండి. అక్కడికి వెళ్లాక దీనికోసం ఊళ్లో ఉన్న బాబాయిని ఆఫీసు చుట్టూ తిప్పడం ఎవరికీ మంచిది కాదు. లైసెన్స్ మొదట ఏ తేదీన ఇచ్చారు, ఏ కేటగిరీలు ఉన్నాయి అనేవి అందులో స్పష్టంగా ఉండాలి. రెన్యువల్ అయిన కార్డు మీద కొత్త తేదీ ఒక్కటే కనిపిస్తే మీ పదేళ్ల అనుభవం వాళ్ల లెక్కలో ఆరు నెలలు అవుతుంది.

ఆస్ట్రేలియాలో టెంపరరీ వీసా వాళ్లకి న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రెండిట్లోనూ ఆరు నెలల లెక్క నడుస్తోంది. దగ్గరి దేశాల్లో నేపాల్, భూటాన్‌కి మన లైసెన్స్ చాలు. కాకపోతే సొంత బండి తీసుకెళ్తే సరిహద్దులో బండికి పర్మిట్ తీసుకోవాలి, నేపాల్‌లో దాన్ని భన్సార్ అంటారు. చైనాలో ఐడీపీ అసలు చెల్లదు, అక్కడ క్యాబే గతి.

చివరిగా, ఇప్పటికే బయట ఉండి, టూరిస్టుగానో తాత్కాలిక పని మీదో తిరుగుతూ, ఐడీపీ గడువు అయిపోయినవాళ్లు. 2021 నాటి మార్పు ప్రకారం ఇండియా రాకుండానే ఆ దేశంలోని మన ఎంబసీ ద్వారా కొత్త ఐడీపీకి అప్లై చేసుకోవచ్చు. అప్లికేషన్ వాహన్ పోర్టల్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి మీ ఆర్టీఏకి. పుస్తకం మీ విదేశీ అడ్రస్‌కి కొరియర్‌లో వస్తుంది. అప్లై చేసేముందు మీరు ఆ దేశంలో ఇంకా విజిటరేనా, నివాసి అయిపోయారా అనేది చూసుకోండి. నివాసి అయితే ఆ కొరియర్ కోసం ఎదురుచూడకుండా అక్కడి థియరీ టెస్ట్‌కి స్లాట్ బుక్ చేసుకోండి.